పిల్లికి కుట్టిన బొంత

మొన్న కరీంనగర్‌లో మా అమ్మాయి ఇంట్లో నాలుగు రోజులు ఉందామని వెళ్లాను. రెండో రోజు పొద్దున్నే మా మనవరాలు అట్టపెట్టె ఒకటి రెండు చేతులా మోసుకొచ్చి నా ముందు దించింది. అందులో నిండు కడుపుతో ఒక బూడిదరంగు పిల్లి. మెట్ల కింద దొరికిందట. నేడో రేపో ఈనేలా ఉంది. దాని వెనకే పాత బట్టల కుప్ప కూడా వచ్చింది. వాళ్ల నాన్న టీషర్టులు, వెలిసిపోయిన దుప్పటి, నేను ఎప్పుడో వదిలేసిపోయిన నేతచీర. "అమ్మమ్మా, దీనికి పరుపు కుట్టాలె. నీకు బొంత కుట్టుడు వచ్చు గదా!" అని ఫోన్‌లో వీడియో పెట్టి చూపించింది. అందులో ఎవరో పిల్ల పాత స్వెట్టర్ చేతుల్లో దూది కూరి, గుండ్రంగా చుట్టి, కుట్లు వేసి, నిమిషంలో పిల్లికి పరుపు తయారు చేసింది. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. నేను మాత్రం "కుట్టను" అన్నాను. అన్న తీరు ఎలా ఉందో ఏమో, వంటింట్లోంచి మా అమ్మాయి గరిటెతో సహా బయటికొచ్చింది. "ఏమైందే అవ్వా? పిల్లి పరుపుకు గంత పరేషాన్ ఎందుకు?" అంది. వేళ్లు నొప్పులని చెప్పాను. అబద్ధం. నా వేళ్లు శుభ్రంగా ఉన్నాయి. ఆ పాత బట్టల కుప్పని చూడగానే నోట్లో తడారిపోయింది, అంతే. అరవై దాటిన మనిషిని, ఇద్దరు పిల్లల్ని కని పెంచినదాన్ని, పాత బట్టలు చూసి భయపడ్డానంటే నవ్వుతారని చెప్పలేదు. ఇక్కడ చెబుతాను. నవ్వేవాళ్లు నవ్వండి.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. నస్పూర్‌లో బొగ్గుబావి క్వార్టర్లలో ఉండేవాళ్లం. రెండు గదులు, ముందు అరుగు, వెనక చిన్న పెరడు, పెరట్లో బొగ్గు కుప్ప. ఇంట్లో మేం నలుగురం. బాపు, అవ్వ, బాపు వాళ్ల అమ్మ, నేను. నాన్నని బాపు అని, అమ్మని అవ్వ అని, బాపు అమ్మని బాపమ్మ అని పిలిచేదాన్ని. తెల్లారగానే లైను లైనంతా బొగ్గు పొయ్యిలు ముట్టించేవాళ్లు. ఆ పొగ వాసన మా పుస్తకాల్లో, తలనూనెలో, అన్నంలో కూడా ఉండేది. సైరన్ కూస్తే షిఫ్టు మారినట్టు. బాపు ఇంటికొచ్చేసరికి బాపమ్మ వేడినీళ్లు తోడిపెట్టి, పెరటి తలుపు దగ్గర చుట్ట తాగుతూ కూర్చునేది. కొడుకు కళ్లు, పళ్లు తప్ప ఇంకేం కనిపించకుండా నల్లగా వచ్చినప్పుడు, ఆయన ముఖం కడుక్కునేదాకా ఆమె చుట్ట నోట్లోంచి తీసేది కాదు, మాట్లాడేదీ కాదు. ముఖం కడిగాక "వచ్చినవా కొడకా" అనేది, అప్పుడే వచ్చినట్టు. బాపు కూడా బావిలోకి పోయేటప్పుడు "పోత" అని ఎన్నడూ అనలేదు. "వస్త" అనే అనేవాడు. మా ఇంట్లో మాటలన్నీ ఇలా భయాన్ని చూసి పక్కకి తప్పుకుని నడిచేవి.

అందులోనూ ఆ ఏడాది ఇంకా ఎక్కువ. అవ్వకి నా తర్వాత ఇద్దరు మగపిల్లలు పుట్టి పోయారు. ఒకడు ఐదో రోజు, ఇంకొకడు తొమ్మిదో రోజు. ఇద్దరికీ పేరు పెట్టే తీరికే లేకపోయింది. ఇప్పుడు మళ్లీ ఎనిమిదో నెల. కడుపు ఇంత ముందుకొచ్చి కనిపిస్తున్నా ఇంట్లో ఎవరూ దాని గురించి మాట్లాడేవాళ్లు కాదు. పక్కింటి వాళ్లు "ఎన్నో నెల?" అని అడిగితే బాపమ్మ "ఏమో తల్లీ, లెక్క వెట్టలే" అనేది. లెక్క పెట్టకపోవడమా! వేళ్ల కణుపుల మీద రోజులు పెడుతూనే ఉండేది. పుట్టబోయేవాడికి ఒక్క గుడ్డ కొనలేదు, ఉగ్గుగిన్నె కడగలేదు. నేను ఒకసారి "తమ్ముడు పుడ్తడా?" అంటే నోటి మీద ఒక్కటేసింది. గట్టిగా ఏం కాదు. కానీ ఆ చెయ్యి చల్లగా ఉందని ఇప్పటికీ గుర్తు. ఈ కాలంలో మా అమ్మాయి కడుపుతో ఉన్నప్పుడు నెల నెలా పరీక్షలు, స్కానింగులు, ఫైలు నిండా కాగితాలు. బిడ్డ గుండె చప్పుడు మిషన్లో వినిపించారు మాకు. అంతా విని ఇంటికొచ్చాక అమ్మాయి ఆ కాగితాలనే మళ్లీ మళ్లీ చదువుకుంటూ కూర్చునేది. బాపమ్మ కణుపులు లెక్కపెట్టుకున్నట్టే.

ఆ రోజుల్లోనే ఒక పిల్లి మా పెరట్లో చేరింది. బొగ్గు కుప్ప పక్కన పడుకుని పడుకుని దాని అసలు రంగేంటో మాకు తెలియకుండా పోయింది. దానికీ నిండు కడుపే. అవ్వ అన్నం తినలేక వదిలేసిన ముద్ద నేను దానికి వేసేదాన్ని. ఇంట్లో కడుపు గురించి మాట్లాడొద్దు కాబట్టి దాని కడుపుతో మాట్లాడేదాన్ని. "నీకెందరు పుడ్తరే?" అని అడిగితే నోటి మీద కొట్టేవాళ్లెవరూ లేరక్కడ. బొగ్గు రాళ్ల మీద ఎలా కంటుందో పాపం అనిపించి, దానికి పరుపు కుట్టాలనుకున్నాను. కుట్టడం నాకు బాపమ్మే నేర్పింది. ఆమె కంట్లో పొర వచ్చి చూపు సరిగ్గా ఆనేది కాదు. సూదిలో దారం నేను ఎక్కిస్తే, బొంత ఆమె కుట్టేది. వరసకి వరస అతుక్కుని, కొలిచినట్టుండే కుట్లు. చూసి చూసి నాకూ వచ్చేసింది.

ముందుగా బాపు బావికి తొడుక్కునే పాత ప్యాంటు ఒకటి దొరికింది. మోకాళ్లు పోయాయి, కుట్ల సందుల్లో బొగ్గు అలాగే ఉంది, ఎన్ని ఉతుకులు ఉతికినా పోని బొగ్గు. దాని కాళ్లు రెండూ కోసి విప్పి, పక్కపక్కన పెట్టి కుడితే అడుగు తయారైంది. చినిగిన దిండులోంచి దూది తీసి, గడ్డలు వేళ్లతో విడదీసి, దాని మీద పరిచాను. పాత తువ్వాలని తాడులా మెలిపెట్టి చుట్టూ గట్టులా కుట్టాను, కూనలు దొర్లిపోకుండా. సుతిలి దారంతో, గోనెసంచులు కుట్టే దబ్బనంతో. వేలికి రెండుసార్లు గుచ్చుకుంది. ఇక పైన పరవడానికి మెత్తటి బట్ట కావాలి. మా లోపలి గదిలో రెండు మేకులకి రెండు మూటలు వేలాడేవి. ఒకదాంట్లో మసిగుడ్డలు, కిరసనాయిలు వాసన. రెండోది చిన్న మూట, కొత్తగా వచ్చింది. విప్పి చూస్తే అందులో ఏడు బట్టలు, ఒక్కొక్కటీ ఉతికి మడతపెట్టి ఉన్నాయి. చీర చెంగు, చిన్న లంగా, మెత్తబడిన ధోవతి ముక్క, ఇలా. ఒకదాని రంగు ఇంకోదానితో కలవదు. ఎవరివో అర్థం కాలేదు. ఇవి కూడా మసిగుడ్డలే, ఇంకా మసికాలేదంతే అనుకున్నాను. కడుపుతో ఉన్న పిల్లికి కంపుగుడ్డలు ఎందుకు, మంచివే పెడదామని వాటిలో మెత్తగా ఉన్న నాలుగు తీసుకుని, మూట మళ్లీ అలాగే కట్టి మేకుకి తగిలించాను. మంచి బట్టలు ఏరుకోవడమే నా కొంప ముంచింది.

పరుపుని చిల్లుపడ్డ బొగ్గు తట్టలో పెట్టి, తట్టని స్నానాల గది వెనక రేకు కింద పెట్టాను. పిల్లి మొదట దాన్ని మూడుసార్లు వాసన చూసింది. తర్వాత ఎక్కి, కాళ్లతో పిండి పిసికినట్టు తొక్కి తొక్కి, చుట్టుకుని పడుకుంది. అంత సంతోషం నాకు ఆ ఏడాదిలో ఇంకోటి లేదు. మర్నాడు బడి నుంచి వచ్చేసరికి నాలుగు కూనలు. కళ్లు తెరవని, వేలెడంత కూనలు. కింద బట్టలు తడిసి, నెత్తురయ్యి ఉన్నాయి. సంబరంగా ఇంట్లోకి పరిగెత్తాను, అవ్వకి చెబుదామని. గడప దగ్గరే ఆగిపోయాను. లోపల బాపమ్మ పక్కింటి సాయమ్మతో గుసగుసగా మాట్లాడుతోంది.

"ఏడిండ్లు తిరిగిన సాయమ్మా. కన్న పిల్లలందరు బతికున్న ఇండ్లు సూసి సూసి అడుక్కొచ్చిన. ఒక్కో ఇంట్ల ఒక్క పేలిక. గా బట్టలతోని బొంత కుట్టి పండవెడ్తె బిడ్డ నిలుస్తడు. మా ఊర్లె గట్లనే ముగ్గురు బతికిండ్రు."

"నా కోక ముక్క గూడ పెట్టినవా అత్తా?" అంది సాయమ్మ.

"పెట్టకుంటెనా? నీకు ఆరుగురాయె. ఇంట్ల ఎవ్వలికి చెప్పలే. చెప్తె ఫలం పోతదట. ఎల్లుండి మంచి దినం. మూట ఇప్పి కుడ్త."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. మూట. ఏడు బట్టలు. అందులో నాలుగు పిల్లి కింద. కాళ్లు వాటంతటవే పెరట్లోకి తీసుకుపోయాయి. తట్టలోకి మళ్లీ చూశాను. ఇందాక సంబరంలో గమనించలేదు. నాలుగు కూనల్లో ఒకటి కదలడం లేదు. పిల్లి దాన్ని పక్కకి నెట్టేసి మిగతా మూడింటినీ నాకుతోంది. వేలితో ముట్టుకున్నాను. చల్లగా ఉంది. బతికిన పిల్లల బట్ట మీద పుట్టి చచ్చిపోయింది. అంటే ఆ బట్టలో ఉన్న బలమంతా నా వల్ల పాడైపోయిందా, లేక మా తమ్ముడికి రావలసిన బతుకు ఈ మూడు కూనలకి పోయిందా? ఏది నిజమైనా మా తమ్ముడు చస్తాడు, చంపేది నేను. తొమ్మిదేళ్ల బుర్రకి అది లెక్కల పాఠంలా స్పష్టంగా అర్థమైంది. ఆ సాయంత్రం అన్నం తినలేదు. అవ్వ నుదురు ముట్టుకుని "ఏమైంది బిడ్డా?" అని అడిగితే ఆమె కడుపు వైపు చూడలేక గోడకి తిరిగి పడుకున్నాను. చెప్పొచ్చుగా అంటారు. చెబితే ఫలం పోతుందని చెవులారా విన్నదాన్ని. నోరు విప్పితే చస్తాడు, విప్పకపోతే చస్తాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

తెల్లారి చూస్తే తట్ట ఖాళీ. పిల్లి లేదు, బతికిన మూడు కూనలూ లేవు, చచ్చినదీ లేదు. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని ఇప్పుడు ఎవరైనా చెబుతారు, నాకూ తెలుసు. ఆ వేళ మాత్రం గండుపిల్లి తినేసిందనే అనుకున్నాను. నాలుగుకి నాలుగూ పోయాయి. ఆ పరుపుని చూస్తే నేను కుట్టిన పాడెలా కనిపించింది. ముట్టుకోవడానికి భయమేసి, తట్టతో సహా బొగ్గు కుప్పలోకి తోసి, మీద బొగ్గు కప్పేశాను. ఇక మిగిలింది ఒక్కటే దారి. బాపమ్మ ఎలా తెచ్చిందో అలాగే నేనూ తేవాలి. రేపటిలోగా నాలుగు బట్టలు, నలుగురు తల్లుల దగ్గర.

బడి ఎగ్గొట్టాను. మా లైన్లో అడిగితే బాపమ్మకి తెలిసిపోతుందని రెండు లైన్లు దాటి వెళ్లాను. అక్కడి క్వార్టర్లలో ఎక్కడెక్కడి వాళ్లో ఉండేవాళ్లు. మొదటి ఇంటావిడ ఐదుగురి తల్లి. "బాపమ్మ పాతబట్ట అడగమన్నది" అనగానే ఇంకేమీ అడగలేదు. నా తల మీద చెయ్యి పెట్టి, లోపలికెళ్లి పాత జాకెట్టు తెచ్చిచ్చింది. రెండో ఇల్లు భైంసా వైపు నుంచి వచ్చినవాళ్లది. ఆవిడ మాటలో మరాఠీ కలిసేది. "గోధడీకా పోరీ? మీ ఆయికి మంచిగైతది, ఫికర్ చెయ్యకు" అని కొడుకు లుంగీ ముక్క చింపి ఇచ్చింది. బొంతని వాళ్లు గోధడీ అంటారు, అమ్మని ఆయి, పిల్లని పోరీ. మూడో ఇంట్లో కూడా దొరికింది. ఏ ఇంట్లోనూ నన్ను రెండో ప్రశ్న అడగలేదు. ఆ మర్యాద ఎలాంటిదో అప్పుడు తెలియలేదు. వాళ్లందరికీ ఆ అడుక్కోవడం తెలుసు. వాళ్ల అత్తలో తల్లులో ఎప్పుడో ఒకప్పుడు అడుక్కున్నవాళ్లే. ఇప్పుడు నేను పక్క ఫ్లాట్ తలుపు కొట్టి పాతబట్ట అడిగితే ఏమవుతుందో ఊహించుకుని నవ్వుకుంటాను. వాట్సాప్ గ్రూపులో నా ఫోటో వచ్చేస్తుంది.

ఇంకొక్కటి కావాలి. ఆ లైన్ చివరి ఇల్లు కనకమ్మత్తది. పోయిన వానాకాలం ఆమె కొడుకు రమేశు జ్వరంతో మూడు రోజుల్లో చనిపోయాడు. ఆరేళ్లవాడు, ఒక్కడే కొడుకు. మా బడే. అప్పటినుంచీ చంటిపిల్లల తల్లులు ఆ ఇంటి ముందు నుంచి నడిచేటప్పుడు బిడ్డ మీద కొంగు కప్పేవాళ్లు. పేరంటాలకి పిలవడం మానేశారు. నేను కూడా తల దించుకుని ఆ ఇల్లు దాటిపోతున్నాను. అరుగు మీంచి పిలిచింది. "ఏందే పిల్లా, అందరిండ్లల్ల అడిగి మా ఇల్లు ఇడిసిపెట్టిపోతున్నవు? మీ అవ్వకేనా?"

ఏం చెప్పాలి? "అవును" అన్నాను. ఆమె లోపలికెళ్లింది. చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు చేతిలో నీలం గీతల అంగి. రమేశుది. బడిలో వాడి ఒంటి మీద చూసినదే. గుండీలు కూడా అన్నీ ఉన్నాయి. ఆ అంగిని నా చేతిలో పెట్టి, నా వేళ్లని దాని మీద మూసింది. "మీ అవ్వకు చెప్పు, కనకమ్మ ఇచ్చిందని. మస్తు మెత్తగుంటది" అంది. ఆ ముఖం చూసి నాకు ఏడుపొచ్చింది, భయం అంతకంటే ఎక్కువొచ్చింది. చచ్చిపోయిన పిల్లాడి అంగి నా చేతిలో ఉంది. దారిలో మురుగు మోరీలో పడేద్దామని ఆగాను. పడేస్తే రమేశుకి కోపం వస్తుందేమో. తుమ్మ చెట్ల మధ్య దాచి రెండడుగులు వేసి, మళ్లీ పరిగెత్తి తెచ్చుకున్నాను. ఇంకో ఇల్లు అడుగుదామంటే సైరన్ కూసింది, బాపు ఇంటికొచ్చే వేళ. ఇక చేసేదేమీ లేక వంటింటి కత్తిపీటతో దాని చేతులు, గుండీల పట్టీ కోసేసి, వెనక ముక్కని మిగతా మూడింటితో కలిపి మూటలో పెట్టాను. మొత్తం ఏడు. లెక్క సరిపోయింది.

మర్నాడు బాపమ్మ మూట విప్పింది. సూదిలో దారం నేనే ఎక్కించాలి. మూడుసార్లు పెట్టినా దారం ఎక్కలేదు. "ఏమైందే, నీ కండ్లల్ల గూడ పొరలొచ్చినయా?" అని నవ్వింది. ఒక్కో బట్టని వేళ్లతో తడిమి, మడతపెట్టి, ఒకదాని మీద ఒకటి వేస్తోంది. అంగి ముక్క దగ్గర ఆగింది. వేళ్లతో రెండుసార్లు రాసి చూసింది. "గిది ఏ ఇంటిదో యాదికస్తలేదు" అంది. కాసేపు అలాగే పట్టుకుని, తర్వాత సరిగ్గా బొంత మధ్యలో, బిడ్డ వీపు ఆనేచోట పెట్టి కుట్టేసింది.

ఆ తర్వాతి నెలలో తమ్ముడు దవాఖానలో పట్టపగలు పుట్టాడు. మూడో రోజు ఇంటికి తెచ్చి ఆ బొంత మీద పడుకోబెట్టారు. అవ్వ వాణ్ని చూసి నవ్వలేదు. ముద్దు పెట్టుకోలేదు. పాలివ్వడం, పడుకోబెట్టడం, కూర్చుని చూడడం. ఇద్దర్ని పోగొట్టుకుని ఆశ పెట్టుకోవడానికి భయపడుతోందని నాకు ఇప్పుడు తెలుసు. ఆమె లేచి పక్కకి వెళితే నేను కూర్చునేదాన్ని. వాడి పొట్ట పైకి లేచి కిందికి దిగితే ఒకటి, మళ్లీ లేస్తే రెండు. నిద్రలో పొట్ట ఒక్క క్షణం ఆగితే నా ఊపిరీ ఆగేది. ఐదో రోజు దాటింది. తొమ్మిదో రోజు వాడు పాలు తాగలేదు. పొద్దుటి నుంచి నోరు తెరవలేదు, ఏడవలేదు కూడా. బాపు షిఫ్టుకి పోకుండా అరుగు మీద కూర్చున్నాడు. బాపమ్మ పోచమ్మకి మొక్కింది. నేను వాడు నిద్రలో ఉన్నప్పుడు బొంతని కింద నుంచి లాగేద్దామని చూశాను. పట్టుకుని లాగబోతే వాడు కళ్లు తెరిచి నన్నే చూశాడు. వదిలేసి పెరట్లోకి పారిపోయి బొగ్గు కుప్ప ముందు కూర్చుని "నన్ను తీసుకపో, వాన్ని ఇడిసిపెట్టు" అని ఎవరినో వేడుకున్నాను. దేవుణ్నో, రమేశునో, పిల్లినో నాకే తెలియదు.

తమ్ముడు బతికాడు. ఇది మీకు ఇక్కడే చెప్పేస్తున్నాను. మిమ్మల్ని కూడా భయపెట్టి నాకేం వస్తుంది? ఆ సాయంత్రమే చప్పరించడం మొదలుపెట్టాడు. ఇవాళ యాభై దాటిన మనిషి, బట్టతల, షుగరు, హుస్నాబాద్‌లో ఎరువుల దుకాణం. నాతో పంచాయితీ పెట్టుకోవడంలో ముందుంటాడు. అయినా వేళకాని వేళ వాడి నంబరు నుంచి ఫోన్ వస్తే, ఎత్తేలోపు నాకు ఆ తొమ్మిదో రోజు తిరిగొస్తుంది. ఇక మొన్నటి సంగతి. రెండు రోజులు మనవరాలు అలిగింది. చివరికి సూది తెమ్మన్నాను. కుట్టాను కూడా, గట్టు పెట్టి, దూది నింపి. కాకపోతే ప్రతి బట్టనీ చేత్తో పట్టుకుని "గిది ఎవరిదే?" అని అడిగి మరీ కుట్టాను. అమ్మమ్మకి చాదస్తం ముదిరిందని తల్లీ కూతురూ కళ్లతో మాట్లాడుకున్నారు. వాళ్లకు తెలిసిన చాదస్తం అంతవరకే.

అప్పట్లో తమ్ముడికి ఇరవయ్యొకటో రోజున తొట్లె పెట్టారు, అంటే బిడ్డని ఉయ్యాలలో వేసే వేడుక. లైను ఆడవాళ్లంతా వచ్చారు. సాయమ్మ పాట ఎత్తుకుంది. తొట్లెలో బొంత పరిచి, దాని మీద తమ్ముడు. నేను కాస్త ఊపిరి పీల్చుకున్నాను, ఇంక గండం గడిచిందని. అప్పుడే పాట సగంలో ఆగింది. అందరూ గుమ్మం వైపు చూస్తున్నారు. కనకమ్మత్త. ఎవరూ పిలవలేదు. గడప అవతలే నిలబడి లోపలికి తొంగి చూస్తోంది. తమ్ముడు కాళ్లు ఆడించడంతో కప్పిన గుడ్డ పక్కకి తొలగి బొంత మధ్యలో నీలం గీతలు కనిపిస్తున్నాయి. ఆమె చూపు అక్కడే ఆగింది. "మా రమేశు అంగి పెట్టిండ్రా?" అంది మెల్లగా. ఆ గొంతులో కోపం లేదు. ఎవరో గొప్ప బహుమానం ఇచ్చినట్టుంది.

బాపమ్మ ముఖంలో రక్తం లేదు. ఒక్క ఊపున తమ్ముణ్ని ఎత్తి అవ్వ ఒళ్లో పడేసి, బొంత లాగి, ఆ ముక్కని గోళ్లతో పీకడం మొదలుపెట్టింది. "ఎవలు తెచ్చిండ్రు? గీ ఇంట్లకు గీ బట్ట ఎవలు తెచ్చిండ్రు?" తమ్ముడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. "నేనే" అన్నాను. ఆ తర్వాత నోరు ఆగలేదు. పిల్లి, తట్ట, నాలుగు బట్టలు, చచ్చిన కూన, రెండు లైన్లవతల అడుక్కోవడం, అంతా కక్కేశాను. పిల్లి పరుపు అనగానే ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకున్నారు. బాపమ్మ చెయ్యెత్తింది. ఆ చెయ్యి నా మీద పడేలోపు అవ్వ మాట వినిపించింది.

"ఆగు అత్తా."

అవ్వ ఆ ఇంట్లో గొంతెత్తి మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. అప్పుడూ ఎత్తలేదు. "ఏడిండ్లు తిరిగినవు. ఎవరెవరి బట్టలో తెచ్చినవు. ఇంట్ల ఉన్నదాన్ని, నా కోక పేలిక ఒక్కటన్న పెట్టినవా? పెట్టలే. నాకెర్కనే ఎందుకు పెట్టలేదో. ఇద్దర్ని మన్నుల వెట్టిన దాని బట్ట అచ్చిరాదు. కనకమ్మ బట్ట అచ్చిరాదు, నా బట్ట అచ్చిరాదు. మరి వీడు గీ ఇరవై ఒక్క దినాలు ఎవలి ఒడిల పండిండు అత్తా?"

బాపమ్మ చెయ్యి గాల్లోనే ఉండి, మెల్లగా దిగింది. బొంత ఆమె చేతిలోంచి జారింది. అవ్వ వంగి దాన్ని తీసుకుని, పీకిన చోట దారం వేలితో సర్ది, మళ్లీ తొట్లెలో పరిచింది. "లోపలికి రా వదినె. తొట్లె నువ్వు గూడ ఊపాలె" అంది.

కనకమ్మత్త గడప దాటలేదు. రెండడుగులు వెనక్కి వేసింది. "వద్దు వదినె. నీ కొడుకు సల్లగుండాలె. నాకు భయమైతుంది."

అవ్వ తమ్ముణ్ని ఎత్తుకుని గుమ్మం దాకా నడిచింది. వాణ్ని రెండు చేతులా ఆమె ముందుకు చాపింది.

"నాకు గూడ భయమే. పట్టుకో."